రుచి గడిలో ఐదో మాట

1,204వ రోజు. లోతు 602 మూరలు.

ఈ ఉదయం కూడా "చప్ప" అన్నాను.

అనగానే ఏతాం మీదున్న ఎనిమిది మందీ తలలు దించుకుని తొక్కడం మొదలుపెట్టారు. వాళ్ళు మాను మీదికి అడుగేస్తే అవతలి కొస లేస్తుంది, దాంతోపాటు వెదురు మోకుకి కట్టిన ఇనప ఉలి లేస్తుంది. దిగితే ఉలి వెళ్ళి బావి అడుగు రాతి మీద పడుతుంది. పొద్దున్నుంచి పొద్దు వాలేదాకా ఇలా దంచితే రాయి జానెడు తగ్గుతుంది. మా తాతలు ఏతాం తొక్కి చేలకి నీళ్ళు తోడేవారు. మేము అదే ఏతాం తొక్కి కొండని పొడుస్తున్నాం. ఏ కాలానికి ఎదిగామో ఆ దేవుడికే తెలియాలి.

తెల్లారేసరికి అడుగున పేరుకున్న బురదని తోడు గొట్టంతో పైకి తీస్తారు. గొట్టమంటే కింద తోలు మూత ఉన్న పొడుగాటి వెదురు, అంతే. అందులోంచి చిటికెడు బురద నేను నాలుక మీద వేసుకుని ఒక మాట చెప్పాలి. ఆ మాట వచ్చేదాకా శిబిరంలో అరవై ముగ్గురూ నోరు మెదపరు. చెప్పదగ్గ మాటలు నాలుగే: చప్ప, వగరు, చేదు, ఉప్పు. చెప్పింది బావి పుస్తకంలో రుచి గడిలో రాస్తాను. మిగతా బురద ఒక వెదురు కణుపులో కూరి, రోజు నంబరు గీకి, పాకలో వేలాడదీస్తాను. ఇప్పటికి పన్నెండు వందల పైచిలుకు కణుపులు వేలాడుతున్నాయి.

ఇది ఆ పెద్ద పుస్తకం కాదు. ఎవరో పిల్ల లెక్కలు చేసుకుని వదిలేసిన నోటుబుక్కు. వెనక పేజీలు ఖాళీగా ఉంటే తీసుకున్నాను. పెద్ద పుస్తకంలో రాయలేనిది ఎక్కడో ఒకచోట రాయకపోతే ఈ తల పగిలిపోయేలా ఉంది.

నాకు రుచి తెలియడం మానేసి నలభై ఆరు రోజులైంది.

వంటశాలలో ఇవాళ మళ్ళీ పాల గొడవ. మైదానంలో కూర్చుని మమ్మల్ని ఏలే మండలి మాకు పంపేది జొన్నలు, సోయా గింజలు. ఆ గింజలు రుబ్బి పాలు తీసి పొద్దుటే తలా గ్లాసు పోస్తుంది సూరీడమ్మ. నెల పైనుంచి ఆ పాలు విరిగిపోతున్నాయి.

"నానేటి సేత్తానప్పా? గింజలు మార్సినాను, గిన్నె మార్సినాను. నాలుగు రోజుల్నుంచి ఇరగడం కాస్త తగ్గినాది గానీ నన్ను తిట్టడం మాత్రం తగ్గలేదు" అంది.

తిట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. గిన్నెలు సరిగా తోమడం లేదన్నాను. తాగే నీళ్ళు కొలిచి ఇస్తారు కాబట్టి గిన్నెలకి బావిలోంచి తోడిన బురదనీళ్ళు తేర్చి వాడుతుందని తెలిసి కూడా అన్నాను. చిరాకు పడటానికి నాకు ఎవరో ఒకరు కావాలి కదా.

1,205వ రోజు. 602 మూరల జానెడు.

చప్ప.

మండలి నుంచి ఉత్తరం వచ్చింది. 1,230వ రోజులోగా ఉప్పు చూపించకపోతే బావికి సీలు వేస్తారు. ఇనుము, మోకులు, మూకుళ్ళు పట్టుకుపోతారు. మమ్మల్ని మైదానంలో శిబిరాలకి పంచుతారు, మగవాళ్ళని ఒకవైపు, ఆడవాళ్ళని ఒకవైపు. తవిటినాయుడు ఉత్తరం చదివి నాలుగు మడతలు పెట్టి చెవి మీద బీడీ పెట్టుకున్నట్టు పెట్టుకున్నాడు. అతను బావి పెద్ద. ఈ మూడేళ్ళలో అతను గట్టిగా మాట్లాడగా నేను వినలేదు.

"ఇరవై ఐదు రోజులున్నాయి దాలప్పా. నీ నాలిక మీదే ఉన్నాది మా బతుకు" అన్నాడు.

నా నాలుక! నౌపడ ఉప్పు మడుల్లో పుట్టి పెరిగిన నాలుక. ఉప్పు గల్లు నోట్లో వేసుకుని ఇది ఏ మడిలో పండిందో, వాన ముందరిదో వెనకదో చెప్పేదాన్ని. సముద్రానికి ఎర్ర నాచు పట్టి, ఆ నీటి ఉప్పు తిన్నవాళ్ళకి మూతులు వంకరపోయి, మడులన్నీ తవ్వి పూడ్చేశాక మేము ఈ కొండల్లోకి వచ్చి పడ్డాం. ఇక్కడ మేకలు ఒక రాయిని పనిగట్టుకుని నాకుతుంటే చూసి బావి మొదలుపెట్టాం. ఇప్పుడు ఉప్పంటే మండలి పంపే బిళ్లలు. మనిషికి రోజుకి రెండు. ఏతాం తొక్కేవాళ్ళకి మూడు. ఈ ఎండలో చెమటకి అవి ఏ మూలకీ చాలవు.

మొదటి ఏడాది అందరూ బురద నాకి చూసేవారు. పెదాల మీద చెమట ఉన్నవాడికి ప్రతి రాయీ ఉప్పగానే ఉంటుంది. వారానికోసారి "పడింది, పడింది" అని గంతులు, మర్నాడు ఏడుపులు. రెండుసార్లు కొట్టుకున్నారు కూడా. అప్పుడు రూలు పెట్టింది నేనే. ఒక్క నాలుకే చూడాలి, ఆ నాలుక ఎవరితోనూ మాట్లాడకముందే చూడాలి, నాలుగు మాటల్లో ఒకటే చెప్పాలి, ఇంకెవరూ బురద ముట్టకూడదు. బాగుందన్నారు. ఆ నాలుక నాదే కావాలన్నారు.

ఆ తర్వాత జ్వరం వచ్చింది. తొమ్మిది రోజులు ఒళ్ళు తెలియలేదు. ఆ రోజుల కణుపులు తవిటినాయుడు నింపాడు, రుచి గళ్ళు ఖాళీగా ఉన్నాయి. లేచిన రోజు బిళ్ల నోట్లో వేసుకుంటే సుద్దముక్కలా ఉంది. రేపు వస్తుంది, ఎల్లుండి వస్తుంది అనుకున్నాను. ఈలోగా ఏదో ఒకటి చెప్పాలి కదా. అన్నిటికన్నా ప్రమాదం లేని మాట చప్ప. ఆ మాటంటే ఎవరూ గంతులు వేయరు, ఎవరూ ఏడవరు. దంచుకుంటూ పోతారు.

అలా దంచుకుంటూనే ఎర్రయ్య పోయాడు. సూరీడమ్మ మొగుడు. 1,190వ రోజు మధ్యాహ్నం మాను మీద ఉండగా కాళ్ళు కొంకర్లు పోయి వెనక్కి పడ్డాడు. మెడ విరిగింది. ఒంట్లో ఉప్పు లేకే అన్నారు. నా జ్వరంలో తన మూడో బిళ్ల నా గంజిలో కలిపి ఇమ్మని పెళ్ళాంతో పంపిన మనిషి అతను. ఈ సంగతి తలుచుకోవడం నాకు ఇష్టం లేదు. అయినా రాశాను.

1,207వ రోజు. 603 మూరల జానెడు.

చప్ప.

మోకాళ్ళు పీకుతున్నాయి. మోకులో ఒక పాయ తెగితే పొద్దంతా కొత్త వెదురు చీల్చి పేనాం. 600 మూరల దగ్గర బావిలో ఏదో నీటి ఊట తగిలింది. అప్పట్నుంచి బురద పలచగా వస్తోంది, తోడటం సులువైందని తవిటినాయుడికి సంతోషం. నీళ్ళు పోసే పని తప్పింది కదా.

సాయంత్రం జొన్నన్నాలయ్యాక భానోజీ మాస్టారు చైనా కాగితాలు తీశారు. ఆయన ఒకప్పుడు హైస్కూల్లో సోషల్ చెప్పేవారు. ఈ బావి తవ్వే పద్ధతంతా ఆయన కాగితాల్లోదే. రెండు వేల ఏళ్ళ కిందట చైనాలో సముద్రానికి నెలల దూరంలో ఉన్న కొండసీమలో జనం ఉప్పునీటి కోసం బావులు తవ్వారు. తర్వాత ఇనప ఉలి, వెదురు మోకు, తొక్కుడు మాను కనిపెట్టారు. ఒక్కో బావికి ఏళ్ళకేళ్ళు పట్టేది, తాత మొదలుపెడితే మనవడు నీళ్ళు చూసేవాడు. అలా దంచి దంచి ఒక బావి కిలోమీటరు లోతు దిగిందట. బావి బావికీ ఓ పుస్తకం ఉండేదట, ఏ లోతులో ఏ రాయి తగిలిందో రాయడానికి. మాస్టారు అది చెప్పినప్పుడల్లా నావైపు చూసి నవ్వుతారు.

"ఆ ఉప్పు మరి ఎవరిది మాస్టారూ?" అని అడిగాడు తవిటినాయుడు. జవాబు అతనికి తెలుసు, అయినా వినాలని సరదా.

"చక్రవర్తిది. ఉప్పూ ఇనుమూ రెండూ సర్కారు చేతిలోనే ఉండాలని చట్టం చేశాడు. దొంగచాటుగా ఉప్పు కాచినవాడి మూకుడు లాక్కుని ఎడం కాలికి ఇనప సంకెల వేసేవారు."

"మనకి రెండు కాళ్ళకీ ఏత్తారు" అన్నాడు తవిటినాయుడు. జనం నవ్వారు. ఉప్పు పడితే మండలిది, పడకపోతే తప్పు మాది. ఆ మాత్రం మాకు చైనావాళ్ళు చెప్పనక్కర్లేదు.

తర్వాత మాస్టారు ఎప్పుడూ చదవని కాగితం చదివారు. బావినీటిలో ఉప్పుతో పాటు చేదు లవణాలు కూడా ఉంటాయి. అందుకని కాచేటప్పుడు ఆ నీటిలో సోయా పాలు పోసేవారట. చేదుకి పాలు విరిగి, మురికిని పట్టుకుని తెట్టులా పైకి తేలుతాయి. తెట్టు తీసేస్తే కింద తెల్లటి ఉప్పు మిగులుతుంది.

"ఓలమ్మ, వొట్టి గిన్నెలోనే ఇరగ్గొడతన్నాను, నన్ను అంపీయండి చైనా" అంది సూరీడమ్మ. మొగుడు పోయాక ఆమె వేళాకోళమాడటం అదే మొదలు. అందరూ కొంచెం ఎక్కువగానే నవ్వారు.

నాకు నవ్వు రాలేదు. చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది.

సూరీడమ్మ పాలు కాచే ముందు గిన్నె తొలిచి, అడుగంటకుండా గుక్కెడు నీళ్ళు అందులోనే వదిలి పాలు పోస్తుంది. అందరు ఆడవాళ్ళూ చేసే పనే. ఆ గుక్కెడు నీళ్ళు బావివి.

1,208వ రోజు. 604 మూరలు.

చప్ప.

మధ్యాహ్నం అందరూ ఎండకి పడుకున్న వేళ వంటశాల నుంచి చెంబుడు పాలు అడిగి తెచ్చుకున్నాను. పాకలో కూర్చుని కణుపులు దించాను. ఒక్కో కణుపులో బురద కొంచెం తీసి నీళ్ళలో కలిపి, తేరాక వేడి పాలు పోశాను.

1,150. పాలు పాలలాగే ఉన్నాయి. 1,160. అలాగే ఉన్నాయి. 1,170. చూస్తుండగానే ముక్కలు ముక్కలుగా విరిగాయి. వెనక్కి వచ్చాను. 1,165, విరిగాయి. 1,164, విరిగాయి. 1,163, విరిగాయి. 1,162 విరగలేదు.

1,163వ రోజు, 581 మూరల జానెడు. పెద్ద పుస్తకం తీసి చూశాను. రుచి గడిలో నా అక్షరాలు గుండ్రంగా, ముచ్చటగా ఉన్నాయి: చప్ప.

పాలు విరిగితే చేదుందని మాత్రమే తెలుస్తుంది. చేదుతో పాటు ఉప్పుందో లేదో పాలు చెప్పవు. అది చెప్పాలంటే నాలుక కావాలి. నా నాలుక మీద 1,163 బురద మూడుసార్లు వేసుకున్నాను. మట్టి. గరుకు. ఇంకేమీ లేదు. పిచ్చిదానిలా నాలుక గిల్లుకున్నాను కూడా. నొప్పి మాత్రం బాగా తెలిసింది.

ఇంకొకరిని అడగాలి. అడిగితే ఎందుకు అడిగావని అడుగుతారు.

1,209వ రోజు. 604 మూరల జానెడు.

సూరీడమ్మనే అడిగాను. తవిటినాయుడి దగ్గరికి బయల్దేరాను, కాళ్ళు వంటశాలకి వెళ్ళాయి.

ఆమె జొన్నలు చెరుగుతోంది. ఆకులో 1,163 బురద కలిపిన నీళ్ళు పోసి ముందు పెట్టాను.

"ఇది నాకి చూడు."

"నానా? నానెందుకప్పా? నువ్వే గదా ఒవులూ ముట్టకూడదన్నావు."

"ఇవాళ్టికి నేనే ముట్టమంటున్నాను."

వేలు ముంచి నాలుక మీద రాసుకుంది. మొహం వికారంగా పెట్టింది. ఉమ్మబోయి ఆగింది. మళ్ళీ వేలు ముంచింది. ఈసారి కళ్ళు మూసుకుంది.

"సేదు. పాడు సేదు. గానీ సేదు కింద..." కళ్ళు తెరిచింది. "అప్పా, ఉప్పున్నాది! నిజిం ఉప్పే! ఒలప్పా, ఇవాల పడినాదా?"

"ఇవాళ కాదు."

కణుపు తిప్పి నంబరు చూపించాను. ఆమెకి అక్షరాలు రావు కానీ అంకెలు వచ్చు. గీకిన అంకెల మీద వేలు పెట్టి చదివింది.

"మా ఆయన పోయిన దినం నెంబరెంత?"

"1,190."

చేట పక్కన పెట్టి వేళ్ళ కణుపుల మీద లెక్కపెట్టింది. ఒక చెయ్యి అయింది, రెండో చెయ్యి అయింది, మళ్ళీ మొదటికి వచ్చింది. నేను చెప్పొచ్చు, ఇరవై ఏడని. ఆమెనే లెక్కపెట్టుకోనిచ్చాను.

"ఇరవై యేడు దినాలు" అంది. "అంటే, ఉప్పు దాటేసినాక ఇరవై యేడు దినాలు ఆయన వొట్టి రాయి తొక్కినాడా?"

"నాకు జ్వరం వచ్చినప్పట్నుంచి రుచి తెలియడం లేదు సూరీడమ్మా. చెప్పలేదు. సిగ్గేసింది."

ఎలా తిడుతుందో అని మెడ వంచుకుని కూర్చున్నాను. కొట్టినా బాగుండు అనిపించింది. ఆమె చేట తీసుకుని మళ్ళీ చెరగడం మొదలుపెట్టింది. పొట్టు అంతా నా మొహం మీద పడుతోంది, నేను లేవలేదు. చివరికి ఒక్క మాట అంది.

"ఇరిగిన పాలు పారబొయ్యనిచ్చీవోడు కాదు. ఆ ఇరుగుడు తినీసి, బాగున్నాది సూరీడూ, ఇంకొంచెం ఎట్టు అనీవోడు. నా మనసు కష్టపెట్టలేక అంతన్నాడనుకున్నాను."

1,210వ రోజు. 605 మూరలు.

రాయడానికి చెయ్యి రావడం లేదు కానీ ఇది కూడా రాయాలి.

పొద్దున ఏతాం దగ్గర అందరూ నావైపు చూస్తున్నారు. సూరీడమ్మ వంటశాల గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఇవాళ చెప్పేద్దామని రాత్రే అనుకున్నాను, మాటలు కూడా కూర్చుకున్నాను. బురద నాలుక మీద వేసుకున్నాను. తవిటినాయుడు "ఏటప్పా?" అన్నాడు, ఎప్పటిలాగే.

"చప్ప" అన్నాను.

నలభై ఏడు రోజులు తెలియక చెప్పాను. ఇవాళ తెలిసి చెప్పాను. ఎనిమిది మంది మళ్ళీ మాను ఎక్కి దంచారు. ఒక్కొక్క దెబ్బా నాకు వినిపించింది. సూరీడమ్మ ఎవరితోనూ ఏమీ అనలేదు. మధ్యాహ్నం అందరికీ వడ్డించి, నా కంచం బోర్లించి వెళ్ళిపోయింది. ఆకలి కూడా వేయలేదు.

1,211వ రోజు. 605 మూరలు.

పొద్దున బురద చేతిలోకి తీసుకుని, నోట్లో వేసుకోకుండా నేల మీద పారేశాను.

"నాకు రుచి తెలీదు. 1,158వ రోజు నుంచి తెలీదు. ఉప్పు 1,163వ రోజున పడింది. నేను చప్ప అని రాశాను" అన్నాను.

మాను మీద ఉన్నవాళ్ళు అలాగే ఉండిపోయారు. తవిటినాయుడు ముందు నవ్వాడు, వేళాకోళం అనుకుని. పాకలోంచి పాల చెంబు, కణుపులు తెచ్చి అందరి ముందూ చేసి చూపించాను. మాస్టారు కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ మళ్ళీ చూశారు. అప్పుడు తవిటినాయుడికి అర్థమైంది. మూడేళ్ళుగా వినని అతని గొంతు అప్పుడు విన్నాను.

"నలభై యెనిమిది దినాలు! మడుసులు సచ్చిపోతంటే నువ్వు సప్ప సప్ప అని రాసుకున్నావా? ఉప్పూ కారం తిన్న మడిసివేనా నువ్వు?"

తిట్టాక అతనే ఆగిపోయాడు. మాలో ఎవరం సరిగా ఉప్పు తిని ఎన్నేళ్ళయిందని. ఎవరూ నవ్వలేదు. ఒకామె నా మీదికి మట్టిగడ్డ విసిరింది. భుజానికి తగిలింది. ఎవరో నన్ను కొండ దింపేయాలన్నారు, ఎవరో బావిలో తోసేయాలన్నారు, అందులో మనిషి పట్టడని ఇంకొకరు అన్నారు.

"తొయ్యడం తర్వాత. ముందు ఇప్పుడేటి సెయ్యాలో సూడండి" అంది గుమ్మంలోంచి సూరీడమ్మ.

అందరూ ఆమె వైపు తిరిగారు. ఆ శిబిరంలో నన్ను తొయ్యడానికి ఎవరికైనా హక్కుంటే అది ఆమెకే కదా.

మాస్టారు కాగితాలు తిరగేశారు. 581 దగ్గర ఉప్పునీరు కారుతోంది. కానీ మేము ఇంకా కిందికి దంచి 600 దగ్గర మంచినీటి ఊటని తెరిచేశాం. ఆ ఊట ఉప్పుని పల్చన చేసేస్తోంది. అందుకే పది రోజులుగా పాలు విరగడం తగ్గింది. నేను చేసిన పాపం ఒక్కటి కాదు, రెండు. ఇప్పుడు అడుగు నుంచి 583 మూరల దాకా బావిని పూడ్చాలి. సున్నం, రాతిపొడి, జనపనార ఉండలుగా చేసి దించి, పైనుంచి ఏతాంతో దంచి గట్టిపరచాలి. ఇరవై రెండు మూరలు. పంతొమ్మిది రోజులున్నాయి.

"తవ్వినదంతా మనమే పూడ్సుకోవాలన్నమాట" అన్నాడు తవిటినాయుడు. అతని గొంతు మళ్ళీ మామూలుకి వచ్చింది. అది నాకు తిట్లకన్నా బాధగా అనిపించింది.

ఇకమీదట నాలుక ఎవరిదని అడిగారు. సూరీడమ్మ పేరు ఎవరు ముందు అన్నారో గుర్తులేదు. ఆమె మాట చెప్పాలి, నేను రాయాలి.

1,217వ రోజు. 593 మూరలు.

ఆరు రోజుల్లో పన్నెండు మూరలు పూడ్చాం. నేను సున్నం కలుపుతున్నాను. చేతులు పగిలి రక్తం వస్తోంది, ఎవరూ ఆగమనలేదు, నేనూ ఆగలేదు. ఇవాళ 595వ మూర దగ్గర ఉండ దిగుతుంటే ఏతాం మీద వాళ్ళు తమంతట తామే ఒక నిమిషం ఆగారు. ఎర్రయ్య పోయిన రోజు లోతు అది. పెద్ద పుస్తకంలో ఉంది, అందరూ అడిగి తెలుసుకున్నారు. సూరీడమ్మ పొయ్యి దగ్గరే ఉండిపోయింది.

నా కంచం బోర్లించడం మానేసింది. కానీ పిలిచి పెట్టదు. వెళ్ళి కూర్చుంటే పెడుతుంది.

1,222వ రోజు. 583 మూరలు.

పూడ్చడం అయింది. ఇంక ఆగడమే. మాస్టారు ఊరుతున్న నీటిని రెండు రోజులు కదపొద్దన్నారు. మూడేళ్ళలో మొదటిసారి ఏతాం చప్పుడు లేదు. నిద్ర పట్టాలి కదా, పట్టలేదు. చప్పుడు లేకపోతే ఏదో పోగొట్టుకున్నట్టు ఉంది.

1,224వ రోజు. 583 మూరలు.

తోడు గొట్టం నిండా వచ్చింది. నీళ్ళు కొంచెం పచ్చగా ఉన్నాయి. సూరీడమ్మ ఎవరితోనూ మాట్లాడకుండా వచ్చి చేతిలో పోసుకుని నాకింది. అరవై మంది ఆమె మొహమే చూస్తున్నాం.

"సేదు" అంది.

ఒక్కసారిగా అందరి భుజాలూ కుంగిపోయాయి. ఆమె విసుక్కుంది. "ఉండండోల్, అయిపోనేదు! సేదు ముందొచ్చినాది. ఉప్పు ఎనకాతల వొచ్చినాది. గట్టిగుంది. రూలుకి ఒక్క మాటే సెప్పాలంటే ఏటి సెప్తాను?"

రాసేది నేను కాబట్టి అందరూ నావైపు చూశారు. పదమూడు రోజుల తర్వాత మొదటిసారి వాళ్ళు నావైపు చూడటం.

"వెనకాల వచ్చిందే చెప్పు" అన్నాను.

"ఉప్పు" అంది.

ఎవరూ గంతులు వేయలేదు. తవిటినాయుడు ఏతాం మాను మీద కూర్చుని చేతులతో మొహం కప్పుకున్నాడు. మాస్టారు వెళ్ళి అతని పక్కన కూర్చున్నారు. నేను గడిలో ఉప్పు అని రాశాను. అక్షరాలు వంకరగా వచ్చాయి.

తర్వాత వెనక్కి తిప్పి 1,163 నుంచి 1,210 దాకా ఉన్న చప్పలన్నీ చూశాను. అవి కొట్టేయమని తవిటినాయుడు అన్నాడు, మండలివాళ్ళు చూస్తే పరువు పోతుందని. కొట్టేయనన్నాను. ఒక్కొక్క దాని పక్కనా "తెలియక రాసింది" అని రాశాను. చివరి దాని పక్కన మాత్రం "తెలిసి రాసింది" అని రాశాను.

1,227వ రోజు. 583 మూరలు.

ఇవాళ మొదటి మూకుడు కాచాం.

పొద్దున్నుంచి నీళ్ళు మరిగాయి. మధ్యాహ్నానికి సగమయ్యాయి, మురికిగా, చూడటానికే బాలేదు. అప్పుడు సూరీడమ్మ గిన్నెడు సోయా పాలు తెచ్చి మూకుట్లో పోసింది. పోయగానే విరిగాయి. నెల పైన అరవై నోళ్ళు ఆమెని తిట్టిన ఆ విరుగుడే నురగలా పైకి తేలింది, మురికంతా అందులోకి చేరింది. ఆమె చిల్లుల గరిటెతో తెట్టు తీసి పక్కన పడేసింది. మళ్ళీ పోసింది, మళ్ళీ తీసింది. మూడోసారికి నీళ్ళు అద్దంలా అయ్యాయి. మాస్టారు కాగితాలు చేతిలో పట్టుకుని వాటివైపు చూడటం మర్చిపోయారు.

పొద్దు వాలేసరికి మూకుడు అంచున తెల్లగా పొర కట్టింది. నౌపడ మడుల్లో ఎండకి కట్టే పొరే. నాకు ఏడుపొచ్చింది. కంటితో గుర్తుపట్టగలిగాను కదా, అదైనా మిగిలింది.

ఉప్పు పడితే మొదటి చిటికెడు నాలుకకి ఇవ్వాలని మొదటి ఏడాదే అనుకున్నాం. ఇప్పుడు నాలుక సూరీడమ్మ. తవిటినాయుడు ఆకులో తీసి ఆమెకి ఇచ్చాడు. ఆమె తీసుకుని, తిన్నగా నా దగ్గరికి వచ్చి నా అరచేతిలో పెట్టింది. సున్నపు పగుళ్ళలో పడి భగ్గుమంది.

"నాకెందుకు? నాకు తెలీదుగా."

"తెల్దని తెలిసే ఎట్టినాను. తిను."

తిన్నాను. ఇసకలా పళ్ళ కింద పటపటలాడి కరిగిపోయింది. ఏమీ తెలియలేదు. ఆమె నా మొహం చూస్తూ అక్కడే నిలబడింది. నేను ఏమీ నటించలేదు. చూసింది చాలన్నట్టు తల ఊపి, అప్పుడు తానూ ఓ గల్లు వేసుకుంది. చాలాసేపు నోట్లోనే ఉంచుకుంది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తుడుచుకోలేదు.

పెద్ద పుస్తకం తెరిచి పట్టుకున్నాను. తేదీ రాశాను, లోతు రాశాను. "ఏం రాయమంటావు సూరీడమ్మా?" అని అడిగాను. ఉప్పు అంటుందని ఉ వరకు రాసి పెట్టుకున్నాను కూడా.

"ఆయన పేరు రాయి" అంది.

"ఇది రుచి గడి."

"నాకు తెలుసు. ఇదే రుచి. గిన్నెలో ఇరిగిన పాలు తిని, బాగున్నాది ఇంకొంచెం ఎట్టు అన్నాడు. మనందరికన్నా ముందు ఈ బావి ఉప్పు తిన్నోడు ఆయనే. ముందు సెప్పినోడూ ఆయనే. నాను ఇన్నేదు, నువ్వు ఇన్నేదు. రాయి."

ఆ గడిలో నాలుగు మాటలే రాయాలని రూలు పెట్టింది నేనే. తవిటినాయుడి వైపు చూశాను. అతను తల తిప్పుకున్నాడు. మూడు రోజుల్లో మండలివాళ్ళు వచ్చి ఈ పేజీయే ముందు చూస్తారు. ఇదేమి రుచి అని అడుగుతారు. అడగనీ. చెప్పడానికి నేనున్నాను.

ఆ ఉ కొట్టేసి, పక్కన రాశాను: ఎర్రయ్య.